పిల్లలకు లైమ్ అనుమానం వస్తే: కంటితో చూడడం నుంచి జీన్ సీక్వెన్సింగ్ దాకా ఏ పరీక్ష ఎప్పుడు

"అక్కా, వీడి మోకాలు రెండ్రోజుల్లో కొబ్బరికాయలా ఉబ్బింది. డాక్టరు లైమ్ అయ్యుండొచ్చు అన్నారు. రక్తం తీసి యాంటీబాడీ టెస్టుకి పంపారు. అది పాతకాలం టెస్టట కదా? నేరుగా జీన్ సీక్వెన్సింగ్ చేయిస్తే తేలిపోదా? డబ్బుల సంగతి మేం చూసుకుంటాం."

పోయిన జూన్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసి అడిగిన మాటలివి. బాబుకి ఏడేళ్లు. దాని గొంతులో వణుకు నాకు స్పష్టంగా వినిపించింది.

నేను కనెటికట్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో పని చేస్తాను. లైమ్ అంటే పిడుదు కుడితే వచ్చే బ్యాక్టీరియా జబ్బు. మా పెద్దమ్మాయికి ఎనిమిదో ఏట ఇదే వచ్చింది. అందుకని ఈ టెన్షన్ నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. రిపోర్టు కోసం ఎదురుచూసిన తల్లిని నేనే, అలాంటి రిపోర్టులు తయారుచేసే మనిషినీ నేనే. ఆ రోజు మా చెల్లికి చెప్పింది, ఆ తర్వాత అడిగిన ఇంకొందరికి చెప్పింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. మందు ఏది, ఎంత అన్నది మీ పిల్లల డాక్టరు చూసుకుంటారు. ఏ పరీక్ష ఎందుకు, ఎప్పుడు పనికొస్తుంది అన్నంతవరకే నా మాట.

ముందే చెప్పేస్తాను. మోకాలు వాచిన ఆ పిల్లాడికి సీక్వెన్సింగ్, అంటే క్రిమి జీన్లను చదివే పరీక్ష, అక్కర్లేదు. పాతకాలందని మా చెల్లి పక్కన పెట్టబోయిన ఆ యాంటీబాడీ టెస్టే (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను రక్తంలో వెతికేది) వాడికి అన్నిటికన్నా నమ్మకమైన టెస్టు. లైమ్‌లో పరీక్షను ఎంచుకోవాల్సింది దాని పేరు చూసి కాదు. జబ్బు ఎన్నో రోజు, ఆ క్రిమి ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఉంది, ఈ రెండూ చూసి. సీక్వెన్సింగ్ తప్ప దారి లేని పిల్లలూ ఉన్నారు. వాళ్లెవరో కూడా చెబుతాను.

పిడుదు కుట్టిన దగ్గర్నుంచి

లైమ్ అనేది ఇక్కడ కనెటికట్‌లో ఒక ఊరి పేరు, జబ్బుకి ఆ పేరే పడింది. 1975లో ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు ఉన్నట్టుండి కీళ్లు వాచిపోతుంటే, ఇది మామూలు సంగతి కాదని పట్టుబట్టి రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫోన్ చేసింది తల్లులే. వాళ్లలో పాలీ ముర్రే అనే ఆవిడ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డాక్టర్ అలెన్ స్టీర్ బృందం 1977లో ప్రచురించిన మొదటి నివేదికలో 51 మంది రోగులుంటే, అందులో 39 మంది పిల్లలు. 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల పొట్టలో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను చూశారు. ఆయన పేరు మీదే దాన్ని బొరీలియా బర్గ్‌డోర్ఫెరి అన్నారు.

గేదెల చెవుల్లో, కుక్కల మెడ కింద పట్టుకుని ఉండే పిడుదులు, గోమార్లు మనందరికీ తెలిసినవే. ఇక్కడ లైమ్ అంటించే నల్లకాళ్ల పిడుదు వేరే జాతి. దాని పిల్ల గసగసాల గింజంత ఉంటుంది. మే నుంచి జులై దాకా, అంటే పిల్లలు గడ్డిలో, చెట్ల కింద ఆడుకునే రోజుల్లోనే అవి చురుగ్గా ఉంటాయి. అమెరికాలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే వయసుల్లో 5 నుంచి 9 ఏళ్లు ఒకటి. కుట్టిన పిడుదు సాధారణంగా ఒక రోజుకు పైగా అంటుకుని ఉంటే తప్ప క్రిమి ఒంట్లోకి దిగదు. దిగాక మొదట చర్మంలో ఉంటుంది. కొన్ని రోజులకు రక్తంలోకి వస్తుంది, కానీ అక్కడ ఎక్కువకాలం ఉండదు, ఎక్కువ సంఖ్యలోనూ ఉండదు. కొన్ని వారాలకు నరాలు, గుండె. నెలలు గడిచాక కీళ్లు, ముఖ్యంగా మోకాలు.

ఈ ప్రయాణాన్ని గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే ప్రతి పరీక్ష గెలుపూ ఓటమీ దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మచ్చ కనిపిస్తే ఏ పరీక్షా వద్దు

లైమ్ వచ్చినవాళ్లలో నూటికి 70 నుంచి 80 మందికి, కుట్టిన 3 నుంచి 30 రోజుల లోపు, ఆ చోట మచ్చ వచ్చి మెల్లగా పెద్దదవుతుంది. సాధారణంగా 5 సెంటీమీటర్లు దాటుతుంది. పిడుదులున్న ప్రాంతంలో తిరిగిన పిల్లకు అలాంటి మచ్చ ఉంటే డాక్టరు చూసి నేరుగా మందు మొదలుపెడతారు. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం, నరాల వైద్యుల, కీళ్ల వైద్యుల సంఘాలు కలిసి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెబుతాయి. ఆ దశలో రక్త పరీక్ష అడగొద్దు, కంటితో చూసి నిర్ణయించండి అని.

ఎందుకంటే యాంటీబాడీలు తయారవడానికి ఒంటికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చ ఉన్న రోజుల్లో రక్తం తీస్తే సగం కంటే ఎక్కువమందికి నెగెటివ్ వస్తుంది. టైఫాయిడ్ జ్వరం వచ్చిన రెండో రోజే విడాల్ చేయించి, లేదని వస్తే నమ్మి కూర్చోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ నెగెటివ్ కాగితం చూసి మందు ఆపేస్తే, క్రిమి తన దారిన తాను నరాల్లోకి వెళ్తుంది.

మన పిల్లల విషయంలో ఒక జాగ్రత్త ఉంది, దీన్ని కాస్త నొక్కి చెప్పాలి. వెబ్‌సైట్లలో కనిపించే బొమ్మల్లో తెల్లటి చర్మం మీద బాణాల గురిలా ఎర్రటి వలయాలు ఉంటాయి. చామనఛాయ ఒంటి మీద అది అలా కనిపించకపోవచ్చు. కమిలినట్టు ముదురు గోధుమ రంగులో, ఊదా రంగులో ఉండొచ్చు. వలయం లేకుండా అంతా ఒకే రంగులో ఉండటమే చాలాసార్లు జరుగుతుంది. మా అమ్మాయికి మోకాలి వెనక వచ్చింది. ఎక్కడో గుద్దుకుని కమిలిందనుకుని కొబ్బరినూనె రాసి ఊరుకున్నాను. నెలన్నర తర్వాత పొద్దున్నే మూతి వంకర పోయి లేచింది. ఆ రోజు పడిన బాధ నాకు ఇప్పటికీ పచ్చిగానే ఉంది. అందుకే చెబుతున్నాను: చంకల్లో, గజ్జల్లో, మోకాలి వెనక, జుట్టు మొదళ్లలో, చెవుల వెనక చూడండి. మచ్చ కనిపిస్తే చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీయండి. మర్నాడు గీత దాటిందేమో చూడండి. ఈ ఒక్క దశలో ఆ ఫోటో ఏ ల్యాబు రిపోర్టు కన్నా విలువైనది.

యాంటీబాడీ పరీక్ష: పాతదే, కానీ మోకాలికి ఇదే

దీంట్లో రెండు మెట్లుంటాయి. మొదట ఎలైజా తరహా పరీక్ష, అంటే రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసేది. అది పాజిటివ్ గానీ, అటూ ఇటూ కాకుండా గానీ వస్తేనే రెండోది చేస్తారు. రెండోది చాలాకాలం వెస్టర్న్ బ్లాట్‌గా, అంటే యాంటీబాడీలను గీతలుగా చూపే పరీక్షగా ఉండేది. 1994లో మిషిగన్ రాష్ట్రం డియర్‌బర్న్‌లో జరిగిన సమావేశంలో లెక్క ఖాయం చేశారు. ఐజీజీ (ఆలస్యంగా వచ్చి ఎక్కువకాలం ఉండే యాంటీబాడీ) అయితే 10 గీతల్లో 5, ఐజీఎం (మొదట వచ్చే యాంటీబాడీ) అయితే 3 గీతల్లో 2 కనిపించాలి. 2019లో రెండో మెట్టులో కూడా ఎలైజానే వాడే కొత్త పద్ధతికి అనుమతి వచ్చింది. గీతలు లెక్కపెట్టే పని తప్పింది, తొలి వారాల్లో కాస్త ముందుగా పట్టుకుంటుంది కూడా.

మోకాలు వాచేసరికి పిడుదు కుట్టి వారాలు, నెలలు గడిచి ఉంటాయి. అప్పటికి ఐజీజీ యాంటీబాడీలు రక్తంలో పుష్కలంగా ఉంటాయి. లైమ్ మోకాలున్న పిల్లల్లో ఈ పరీక్ష దాదాపు ఎవరినీ వదలదు. ఐజీజీ లేదని వస్తే, అది లైమ్ మోకాలు కాదు అని ఇంకో కారణం వెతకడం మొదలుపెట్టవచ్చు. అవునని, కాదని రెండు వైపులా నమ్మకంగా చెప్పగలగడం చిన్న విషయం కాదు. మా చెల్లి కొడుక్కి నాలుగు రోజుల్లో రిపోర్టు వచ్చింది. మందు మొదలైంది. వాపు తగ్గడానికి మాత్రం వారాలు పట్టింది, అది మామూలే.

దీనికీ లోపాలున్నాయి. ఐజీఎం తప్పుగా పాజిటివ్ రావడం తరచూ జరుగుతుంది, అందుకే లక్షణాలు మొదలైన 30 రోజులు దాటాక ఐజీఎం ఒక్కటే ఉంటే లెక్కలోకి తీసుకోరు. యాంటీబాడీలు ఏళ్లపాటు ఉండిపోతాయి. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్లు, పరిగెత్తుతోంది, ఈత కొడుతోంది. ఇప్పుడు రక్తం తీసినా పాజిటివ్ రావచ్చు. కాబట్టి జబ్బు నయమైందా లేదా అని తెలుసుకోవడానికి దీన్ని మళ్లీ మళ్లీ చేయించడం వృథా.

ఇంకొకటి, మీరున్న ఊరు. కనెటికట్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి, లైమ్ ఎక్కువగా ఉన్న చోట్ల పాజిటివ్‌కి ఉన్న బరువు, అది అరుదైన టెక్సాస్‌లోని డాలస్‌లో ఉండదు. డాలస్ దాటి ఎక్కడికీ వెళ్లని పిల్లాడికి ఒంట్లో నలతగా ఉందని లైమ్ టెస్టు చేయిస్తే, పాజిటివ్ వచ్చినా అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ.

పీసీఆర్: కీలులో నీరు తీశాకే

కోవిడ్ పుణ్యమా అని ఆర్టీపీసీఆర్ అంటే ఏమిటో మన ఇళ్లలో అమ్మమ్మలకు కూడా తెలుసు. క్రిమి జీన్‌లో ఒక ముక్కను లక్షల రెట్లు పెంచి పట్టుకునే పరీక్ష. దీన్ని చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: కోవిడ్‌ను ముక్కులోంచి పట్టినట్టు లైమ్‌ను రక్తంలోంచి పట్టలేమా?

క్రిమి ఉన్నచోట నుంచి తీస్తేనే పీసీఆర్ పనిచేస్తుంది. కోవిడ్ వైరస్ ముక్కులో కోట్లకొద్దీ ఉంటుంది. బొరీలియా రక్తంలో ఉండేది కొద్దికాలం, కొద్ది సంఖ్యలో. పిల్లల దగ్గర తీసే మూడు నాలుగు మిల్లీలీటర్ల రక్తంలో అసలు ఒక్కటీ లేకపోవచ్చు. వెన్ను నీటిలోనూ (మెదడు, వెన్ను చుట్టూ ఉండే ద్రవం) అంతే, జబ్బు ఉన్నా చాలాసార్లు పీసీఆర్ నెగెటివ్ వస్తుంది. కీలులోని నీటిలో మాత్రం, మందు మొదలుపెట్టక ముందు తీస్తే, ఎక్కువమందిలో దొరుకుతుంది. అందుకే యాంటీబాడీ పాజిటివ్ వచ్చాక కూడా అనుమానం మిగిలితే మోకాలి నీటికి పీసీఆర్ చేస్తారు. పాజిటివ్ అయినంత మాత్రాన క్రిమి ఇంకా బతికే ఉందని కాదు. చచ్చిన క్రిముల డీఎన్ఏ కూడా కొన్నాళ్లు అక్కడే ఉండిపోతుంది.

పిల్లలకు మోకాలి నీరు తీయడం నొప్పితో కూడిన పని, కొందరికి మత్తు ఇవ్వాలి. చీము పట్టిన కీలేమో అన్న భయం ఉంటే ఎలాగూ తీస్తారు. ఆ జబ్బు గంటల్లో కీలును పాడుచేయగలదు కాబట్టి ఆగకూడదు. కేవలం లైమ్ పీసీఆర్ కోసమే తీయిద్దామా అంటే, వద్దనే నా మాట.

పీసీఆర్‌కి పుట్టుకతో ఉన్న పరిమితి ఇంకొకటి: వెతికినదే దొరుకుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆసుపత్రి ల్యాబులో లైమ్ పీసీఆర్ చేస్తుంటే కొన్ని నమూనాలు మామూలు తీరులో కాకుండా తేడాగా ప్రవర్తించాయి. అనుమానించి ఆ జీన్లను చదివి చూస్తే, అది లైమ్ కలిగించే మరో కొత్త బొరీలియా అని తేలింది. 2016లో దానికి బొరీలియా మయోనియై అని పేరు పెట్టారు. పీసీఆర్ అనుమానం కలిగించింది, ఆ అనుమానం తీర్చింది సీక్వెన్సింగ్. ఇక అసలు విషయంలోకి వస్తాను.

సీక్వెన్సింగ్: ఎక్కడ గొప్పది, ఎక్కడ కాదు

మొదట ఒక గందరగోళం తీర్చాలి. మన వాళ్లలో జన్యు పరీక్ష అనగానే పిల్లాడి సొంత జీన్లు చదవడమే గుర్తొస్తుంది. మేనరికపు పెళ్లిళ్ల ఇళ్లలో పిల్లలకు ఎదుగుదల సమస్య వస్తే హైదరాబాద్‌లో చేయించే పరీక్షలు అలాంటివే. అవి లైమ్‌ను కనిపెట్టలేవు. లైమ్ కోసం చదివేది పిల్లాడి జీన్లు కాదు, వాడి ఒంట్లోంచి తీసిన ద్రవంలో ఉన్న క్రిమి జీన్లు. ల్యాబుకి ఫోన్ చేసినప్పుడు ఈ తేడా స్పష్టంగా అడగండి. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఒకటనుకుని ఇంకోదానికి డబ్బు కట్టినవాళ్లను నేనే చూశాను.

వెన్ను నీరో, రక్తపు ప్లాస్మానో (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) తీసుకుని అందులో ఉన్న డీఎన్ఏ మొత్తాన్ని, ఎవరిదన్నది చూడకుండా, ముక్కలుగా చదివేస్తారు. తర్వాత కంప్యూటర్ మనిషివి తీసేసి, మిగిలినవి ఏ క్రిమికి సరిపోతాయో పోల్చి చూస్తుంది. దీన్ని మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్ అంటారు. డాక్టరు ఫలానా జబ్బని ముందే ఊహించి ఉండక్కర్లేదు. దాని గొప్పదనమంతా ఇందులోనే ఉంది.

2014లో వైద్య పత్రికల్లో వచ్చిన ఒక కేసు చెబితే ఇది ఎంత పని చేయగలదో తెలుస్తుంది. విస్కాన్సిన్‌లో 14 ఏళ్ల అబ్బాయి. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని జబ్బు. నాలుగు నెలల్లో మూడుసార్లు జ్వరం, తలనొప్పితో ఆసుపత్రికి వచ్చాడు. మెదడులో నీరు చేరింది, ఆగని మూర్ఛలు వచ్చాయి, చివరికి మందులతో కోమాలో పెట్టాల్సి వచ్చింది. మెదడు నుంచి ముక్క తీసి చూసినా కారణం దొరకలేదు. వెన్ను నీటిని శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ చదివిన 30,63,784 ముక్కల్లో 475 లెప్టోస్పైరావి. మన దగ్గర వరదల తర్వాత ఎలుక జ్వరం తెచ్చే జాతే అది. లైమ్ క్రిమిలాగే అదీ మెలికలు తిరిగిన బ్యాక్టీరియా. మామూలుగా చేసే లెప్టోస్పైరా పరీక్షలు దాన్ని పట్టలేకపోయాయి. కారణం తెలిశాక సరైన మందు ఇచ్చారు, 32 రోజులకు అబ్బాయి ఇంటికి వెళ్లాడు. ఈ కేసు చదివిన రోజు ల్యాబులో నా పక్కనున్నవాళ్లకి చూపించి మళ్లీ చదివాను.

ఆ అబ్బాయి విషయంలో ఒక చిన్న వివరం ముఖ్యం. అతనికి రోగనిరోధక శక్తి లేదు. అలాంటి ఒంట్లో యాంటీబాడీలు సరిగా తయారుకావు, కాబట్టి యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చినా దానికి అర్థం లేదు. క్రిమిని అడ్డుకునేవాళ్లు లేక అది పెరుగుతుంది, కాబట్టి చదవడానికి డీఎన్ఏ దొరుకుతుంది. ఆరోగ్యంగా పెరిగి లైమ్ తెచ్చుకున్న పిల్లల్లో పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. యాంటీబాడీలు బాగా ఉంటాయి, క్రిములు అరుదుగా ఉంటాయి.

ఎంత అరుదో ఒక లెక్క వేద్దాం. బొరీలియా జీనోమ్‌ను, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, 1997లోనే చదివేశారు. ప్రధాన క్రోమోజోమ్ దాదాపు 9 లక్షల 10 వేల డీఎన్ఏ అక్షరాలు. పక్కన ఉండే ప్లాస్మిడ్లు అనే చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు కలిపితే మొత్తం 15 లక్షలు. మనిషి కణం ఒక్కదానిలో దాదాపు 600 కోట్ల అక్షరాలు. అంటే ఒకే ఒక్క తెల్లకణానికి సరితూగే డీఎన్ఏ కావాలంటే నాలుగు వేల బొరీలియాలు కావాలి. లైమ్ మెదడు పొరలకు తగిలిన పిల్లల వెన్ను నీటిలో తెల్లకణాలు చుక్కకి వందల్లో, వేలల్లో ఉంటాయి, క్రిములు వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉండొచ్చు. యంత్రం ఎంత చదివినా ఎక్కువ భాగం పిల్లాడి డీఎన్ఏనే చదువుతుంది. అందువల్ల సీక్వెన్సింగ్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన లైమ్ లేదని చెప్పలేం. తల్లిదండ్రులకు ఇది చెప్పేవాళ్లు తక్కువ.

ఈ సీక్వెన్సింగ్ ఎంతవరకు పట్టుకోగలదో ఎనిమిది ఆసుపత్రుల్లో 204 మంది పిల్లలు, పెద్దల మీద పరీక్షించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. మెదడు, నరాల ఇన్ఫెక్షన్లు 58 తేలాయి. వాటిలో 13 ఆ ఆసుపత్రుల్లో చేసిన మామూలు పరీక్షలకు అందలేదు, సీక్వెన్సింగే పట్టుకుంది. ఆ పదమూడింటి వెనకున్న మనుషుల్ని తలచుకుంటే ఈ యంత్రానికి దండం పెట్టాలనిపిస్తుంది. అదే అధ్యయనంలో సీక్వెన్సింగ్‌కి దొరకనివి 26. అందులో 11 కేవలం యాంటీబాడీ పరీక్షతోనే తేలినవి. లైమ్ తీరు ఈ పదకొండు రకానికే దగ్గర.

కాబట్టి పిల్లాడికి మూతి వంకర పోయి, తలనొప్పి ఉండి, లైమ్ ఉన్న ఊళ్లో ఉంటే మొదటి పరీక్ష రక్తంలో యాంటీబాడీలే. అవసరమైతే వెన్ను నీరు తీసి కణాలు చూస్తారు, రక్తంతో పోల్చి వెన్ను నీటిలో యాంటీబాడీలు చూస్తారు. సీక్వెన్సింగ్ ఎప్పుడంటే: మెదడువాపు ఉండి మామూలు పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చి, పిల్లాడు రోజురోజుకీ దిగజారుతుంటే. లేదా కేన్సర్ చికిత్సలోనో, అవయవ మార్పిడి తర్వాతో, పుట్టుకతోనో రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటే. అప్పుడు ఖర్చు వేల డాలర్లయినా, రిపోర్టుకి రోజులు పట్టినా, ఆలస్యం చేయకుండా అడగాలి. ఆసుపత్రి దానంతట అది పంపకపోతే పిల్లల అంటువ్యాధుల నిపుణుణ్ని పిలిపించమని అడగండి. ఆ నమూనా ఎక్కడికి పంపాలో, ఇన్సూరెన్స్‌తో ఎలా మాట్లాడాలో వాళ్లకు తెలుసు.

మధ్యలో 16ఎస్ అనే పరీక్ష ఒకటుంది. బ్యాక్టీరియా అన్నిటిలో ఉండే ఒకే జీన్‌ను పెంచి, చదివి, ఏదో గుర్తుపడుతుంది. కీలులో చీము ఉన్నా కల్చర్‌లో (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగనప్పుడు, ముఖ్యంగా అప్పటికే యాంటీబయాటిక్ వేసేసి ఉంటే, ఇది బాగా పనికొస్తుంది. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, వాచిన కీలు విషయంలో పెద్ద సీక్వెన్సింగ్ కన్నా ముందు అడగాల్సింది ఇదే.

రక్తం గొట్టంతో చేసే సీక్వెన్సింగ్

వెన్నులో సూది గుచ్చకుండా, చేతి నుంచి రక్తం తీసి, ప్లాస్మాలో తేలే డీఎన్ఏ ముక్కలు చదివే పరీక్షలు కూడా వచ్చాయి. మచ్చ దశలో ఉన్న రోగుల్లో ఇది చాలామందిలో బొరీలియా ముక్కలు పట్టుకుందని 2021లో ఒక అధ్యయనం వచ్చింది. యాంటీబాడీలు ఇంకా రాని రోజుల్లో ఇది పనికొస్తుందన్న ఆశ అందులో ఉంది, నాకూ ఉంది. అయితే ఆ దశలో మచ్చ చూసే మందు ఇస్తారు కదా, ఇక పరీక్షతో కొత్తగా ఒరిగేదేమిటి? మచ్చ రాకుండా ఎండాకాలంలో జ్వరం వచ్చిన పిల్లకు ఉపయోగపడొచ్చు. ఆ పిల్లకు పిడుదులు తెచ్చే అనాప్లాస్మా, బబీసియా లాంటి వేరే క్రిములూ ఇందులో బయటపడొచ్చు. వాటికి మామూలు పీసీఆర్, రక్తపు స్లైడ్ ఉన్నాయి, అవి చవక, త్వరగా వస్తాయి. డీఎన్ఏ మాత్రమే చదివే పరీక్ష ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను చూడలేదు. పిడుదుల వల్లే వచ్చే పొవాసాన్ వైరస్ ఆర్‌ఎన్‌ఏ రకం, దానికి వేరే పరీక్ష కావాలి.

2022లో శాన్ ఫ్రాన్సిస్కో బృందం ఇంకో దారి చూపించింది. క్రిమిని వెతక్కుండా, జబ్బు సోకినప్పుడు మనిషి రక్తకణాల్లో 31 జీన్లు ఎలా స్పందిస్తాయో చూసి తొలి దశ లైమ్‌ను గుర్తుపట్టడం. ఆలోచన నాకు చాలా నచ్చింది. ప్రస్తుతానికి దీన్ని నమ్ముకుని నిర్ణయం తీసుకోమని మాత్రం చెప్పను.

డబ్బు పెట్టకండి అని నేను చెప్పేవి

పిల్లాడి ఒంటి మీద నుంచి తీసిన పిడుదును జీన్ పరీక్షకు పంపడం. పిడుదులో క్రిమి ఉన్నా పిల్లాడికి అంటి ఉండకపోవచ్చు, లేకపోయినా వాడిని ఇంకో పిడుదు కుట్టి ఉండొచ్చు. పారేయకుండా టేపుకి అంటించి డాక్టరుకు చూపిస్తే జాతి, ఎంత ఉబ్బిందో తెలుస్తాయి. అది చాలు. ప్రమాదకరమైన కాటు అనిపిస్తే 72 గంటల లోపు ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్‌తో జబ్బు రాకుండా ఆపొచ్చు. ఆ గడువు పిడుదు రిపోర్టు కోసం ఆగదు. చిన్నపిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్లు రంగు మారతాయన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. మూడు వారాల లోపు వాడకానికి వయసుతో సంబంధం లేకుండా ఇవ్వొచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది.

మూత్రంలో లైమ్ యాంటిజెన్ (క్రిమి ముక్కలు) వెతకడం, సీడీ57 లెక్క (ఒక రకం తెల్లకణాలను లెక్కపెట్టడం), ఎలైజా చేయకుండా నేరుగా వెస్టర్న్ బ్లాట్, ల్యాబు తనకు తాను పెట్టుకున్న గీతల లెక్క. వీటికి సరైన ఆధారం లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హెచ్చరిస్తుంది. నెలల తరబడి నీరసంగా ఉన్న పిల్లల తల్లిదండ్రులే వీటికి ఎక్కువ ఖర్చు పెడతారు. వాళ్ల ఆవేదన నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ తప్పుడు పాజిటివ్ వస్తే పిల్లాడు నెలల తరబడి అక్కర్లేని యాంటీబయాటిక్‌లు మింగుతాడు, వాడి అసలు జబ్బు ఎవరూ వెతకరు.

సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు

జూన్‌లో న్యూజెర్సీలో పిడుదు కుట్టి, జులైలో విజయవాడలో అమ్మమ్మగారింట్లో జ్వరం రావచ్చు. ఆంధ్ర, తెలంగాణల్లో డాక్టర్లకు లైమ్ రోజూ కనిపించే జబ్బు కాదు. డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ ముందు ఆలోచిస్తారు, అది సరైనదే. అమెరికాలో ఏ రాష్ట్రం నుంచి, ఏ తేదీన వచ్చారో, పిడుదు కుట్టిన గుర్తుందో మీరే నోరు తెరిచి చెప్పాలి. మచ్చ ఫోటో ఫోన్లో ఉంటే చూపించండి. అక్కడ సీక్వెన్సింగ్ కోసం పెద్ద ఊరికి పరిగెత్తాల్సిన పని లేదు. మచ్చ ఉంటే డాక్టరు చూసి మందు మొదలుపెట్టవచ్చు. లేకపోతే తిరిగొచ్చాక యాంటీబాడీ పరీక్ష చేయిస్తారు.

చివరగా ల్యాబు మనిషిగా ఒక మాట. పిల్లాడికి ఏ కారణంతోనైనా వెన్ను నీరు గానీ, కీలు నీరు గానీ తీస్తుంటే, "పరీక్షలకు పోను మిగిలింది పారేయకుండా ఫ్రీజర్లో పెట్టించగలరా?" అని ఆ రోజే అడగండి. యాంటీబయాటిక్ పడకముందు తీసిన నమూనా అది, మళ్లీ దొరకదు. మామూలు పరీక్షలన్నీ అయిపోయి, వారం తర్వాత సీక్వెన్సింగ్ కావాల్సి వస్తే, పిల్లాడికి రెండోసారి సూది గుచ్చకుండా ఆ చిన్న గొట్టాన్నే పంపొచ్చు. మా ల్యాబులో అలా దాచిన గొట్టాలకు మూత మీద తేదీ, టైము రాసి పెడతాం. మీ దగ్గర కూడా రాశారో లేదో ఒక్కసారి అడిగి చూసుకోండి.